టమాటా పాస్తాకు ఏ పాత్ర: స్లో కుక్కరా, కడాయా, ప్రెషర్ కుక్కరా, రైస్ కుక్కరా?

కిందటి వేసవి సెలవుల్లో అమెరికా నుంచి వచ్చిన మా వదిన సూట్‌కేసులోంచి చీరలకంటే ముందు ఒక స్లో కుక్కర్, అంటే కరెంటుతో నెమ్మదిగా ఉడికించే పెట్టె, దిగింది. "పొద్దున్నే అన్నీ వేసి బడికి వెళ్లిపో. సాయంత్రం వచ్చేసరికి వంట తయారు" అంది. ప్లగ్గు పెట్టబోతుంటే మా ఆయన దాన్ని తిరగేసి, అడుగున ఉన్న అక్షరాలు చదివి ఆపారు. 120 వోల్టులు. నల్లగొండలో మా గోడలోంచి వచ్చేది 230. వోల్టేజీ దాదాపు రెట్టింపయితే వేడి రెట్టింపుతో ఆగదు, మూడున్నర రెట్లు దాటుతుంది. ప్లగ్గు పెట్టి ఉంటే వంట కాదు, కుక్కరే ఉడికేది. అది ఇప్పుడు మా ఇంట్లో చింతపండు దాచుకునే జాడీ. మీకూ అలాంటి కానుక వస్తే ముందు అడుగుభాగం చదవండి.

తర్వాత ఇక్కడే 230 వోల్టులది, మూడున్నర లీటర్లది కొన్నాం. ఏడాదిగా టమాటా పాస్తా అందులోనూ చేస్తున్నాను, పాత కడాయిలోనూ చేస్తున్నాను. ప్రెషర్ కుక్కర్‌లో, రైస్ కుక్కర్‌లో కూడా చేసి చూశాను. బడిలో తోటి ఉపాధ్యాయినులు "కొనమంటారా?" అని అడిగితే నా జవాబు ఒకటే: రుచి కోసమైతే కొనకండి, పొయ్యి దగ్గర నిలబడే మనిషి లేని ఇంటికైతే కొనండి.

## ముందు తేల్చుకోవలసినవి

మొదటిది నీళ్ల సంగతి. టమాటాలో నూటికి 94, 95 పాళ్లు నీరే. కిలో టమాటాలు వేశారంటే దాదాపు లీటరు నీళ్లు పోసినట్టే. ఆ నీరు ఎక్కడికి పోతుందన్న దాని మీదే రుచి ఆధారపడుతుంది. మూత లేని కడాయిలో ఆవిరై పోతుంది, గుజ్జు చిక్కబడి పులుపు, తీపి రెండూ గట్టిపడతాయి. స్లో కుక్కర్ గాజుమూత కింద ఆ ఆవిరి నీరై మళ్లీ లోపలికే జారుతుంది. ఎన్ని గంటలు ఉడికించినా పులుసు పలుచగానే ఉంటుంది. చాలామంది మొదటిసారి చేసి "చప్పగా, నీళ్లనీళ్లగా ఉంది" అనడానికి కారణం ఇదే. వాళ్లు కడాయి లెక్కన నీళ్లు పోసి ఉంటారు.

రెండోది మనిషి సంగతి. ఇంట్లో మనిషి ఉండటం వేరు, పొయ్యి దగ్గర మనిషి ఉండటం వేరు. మా అత్తమ్మ రోజంతా ఇంట్లోనే ఉంటుంది. కానీ మోకాళ్ల నొప్పితో పది నిమిషాలు నిలబడలేదు, మంట కట్టేయడం మరిచిపోయిన రోజులూ ఉన్నాయి. అలాంటి ఇంట్లో పొయ్యి మీద సన్నసెగన గంటసేపు ఏదైనా వదిలి వెళ్లడానికి నాకు ధైర్యం చాలదు. మీట తిప్పే పెట్టె అయితే ఆమె చేత పెట్టించగలను.

నెమ్మదిగా ఉడికించడం మనకు కొత్త కాదు. పిడకల దాలిలో పాలకుండ మధ్యాహ్నం దాకా కాగి ఎర్రని మీగడ కట్టడం చూసినవాళ్లు ఇంకా ఉన్నారు. రంజాన్ నెలలో బట్టీ మీద హలీం గంటల తరబడి ఉడుకుతుంది. కానీ హలీం పక్కన కర్రలతో మెదిపే మనుషులుంటారు, దాలి పక్కన ఎగదోసే పిడకల లెక్క తెలిసిన అవ్వ ఉండేది. సెగ పక్కన ఆ మనిషి కాపలా అక్కర్లేదనడం ఒక్కటే ఈ పెట్టె తెచ్చిన కొత్తదనం.

మూడోది కరెంటు. దీని గురించి కింద వివరంగా చెబుతాను. ఖర్చు సంగతి ఇక్కడే ముగిద్దాం: మూడున్నర లీటర్ల స్లో కుక్కర్ దాదాపు 200 వాట్లు తీసుకుంటుంది, ఆరు గంటలు నడిస్తే యూనిట్ పైన కొంచెం. భయపడాల్సినదేమీ లేదు. అయితే 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద, నెలకు 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు అందుకుంటున్న ఇళ్లవాళ్లు మీటరు ఒకసారి చూసుకోవాలి. నెలకు 198 యూనిట్ల దగ్గర ఆగే ఇల్లు నాలుగు రోజుల పాస్తాతో 200 దాటిందంటే, ఆ పాస్తా చాలా ఖరీదైనది.

## స్లో కుక్కర్

దీనిలో 'తక్కువ', 'ఎక్కువ' అని రెండు గుర్తులుంటాయి. తక్కువలో పెడితే వేడి తక్కువ ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి చాలా కుక్కర్లలో రెండూ చివరికి చేరేది ఇంచుమించు ఒకే వేడికి, మరుగుకు కొంచెం కింద. ఎక్కువలో త్వరగా చేరుతుంది, తక్కువలో నింపాదిగా. అందుకే ఎక్కువలో మూడు గంటలు పట్టేది తక్కువలో ఆరు గంటలు పడుతుంది.

నలుగురికి నా కొలత: నాటు టమాటాలు కిలో, పెద్ద ఉల్లిగడ్డలు రెండు, వెల్లుల్లి పది రెబ్బలు, నూనె మూడు పెద్ద చెంచాలు, కారం ఒక చిన్న చెంచా, ఉప్పు ఒకటిన్నర, చిటికెడు బెల్లం, 300 గ్రాముల పాస్తా.

ఉల్లిగడ్డ, వెల్లుల్లి పచ్చివే వేయకండి. ఈ పెట్టె ఏదీ ఎర్రగా వేయించలేదు, ఉడకబెట్టడమే దాని పని. పచ్చిగా వేసిన ఉల్లిగడ్డ ఆరు గంటల తర్వాత కూడా ఉడికిన ఉల్లిగడ్డలాగే ఉంటుంది, వేగిన రుచి రాదు. పొద్దున పది నిమిషాలు చిన్న మూకుడులో నూనె వేసి రెండూ ఎర్రగా వేయించి, కారం ఆ నూనెలోనే ఒకసారి తిప్పి, టమాటా ముక్కలతో కలిపి కుక్కర్‌లోకి దించాలి. నీళ్లు ఒక్క చుక్క కూడా వద్దు. పాత్ర సగం నుంచి మూడింట రెండు వంతుల వరకు నిండాలి. అంతకంటే తక్కువైతే అంచులు మాడతాయి.

తర్వాత మూత తీయకండి. ఉడికిందా అని ఒకసారి తీసి చూస్తే పోయిన వేడి తిరిగి రావడానికి ఇరవై నిమిషాలకు పైగా పడుతుంది. పిల్లలకు ఇది నేర్పడం టమాటా వంట నేర్పడం కంటే కష్టం.

పాస్తా మాత్రం చివరి అరగంటలోనే. ఇంటర్నెట్‌లో కొన్ని వంటల్లో అన్నీ కలిపి పొద్దున్నే వేయమంటారు. నేను వేశాను. సాయంత్రానికి గోధుమపిండి జావ వచ్చింది. పులుసు ఉడికాక గరిటెతో మెదిపి, ఒక గ్లాసు మరిగే నీళ్లు పోసి, పాస్తా వేసి, ఎక్కువలో 25 నుంచి 30 నిమిషాలు. మధ్యలో ఒక్కసారి కలపాలి, లేకపోతే గుత్తులు గుత్తులుగా అంటుకుంటుంది. పాలు, మీగడ, చీజ్ ఏదైనా ప్లగ్గు తీసేశాకే. ముందే వేస్తే టమాటా పులుపుకు విరిగి పలుకులవుతాయి.

ఒక మాట నల్లగొండ వాళ్లకు ప్రత్యేకంగా. ఈ పద్ధతిలో పాస్తా ఉడికిన నీరు వంపేయం, అంతా తినేస్తాం. కాబట్టి బోరు నీళ్లు పోయకండి. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని మన ఊరి పేరే పెట్టారంటే, ఈ జాగ్రత్త మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. తాగే నీళ్లే పోయండి.

ఇక కరెంటు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వస్తే ఒక్కోసారి గంటలు గంటలు పోతుంది. గుండ్రని మీట తిప్పే కుక్కర్ అయితే కరెంటు రాగానే తనంతట తానే మళ్లీ మొదలవుతుంది. అంకెలు వెలిగే రకం చాలావాటిలో ఆగిందంటే ఆగినట్టే, మళ్లీ మనమే నొక్కాలి. కొట్టువాళ్లు అంకెల రకాన్నే గొప్పగా చూపిస్తారు. దానికీ ఒక సుగుణం ఉంది: పెట్టిన సమయం కాగానే వెచ్చగా ఉంచే స్థితికి మారిపోతుంది. ఇంట్లో ఎవరూ లేకుండా తొమ్మిది గంటలు వదిలేవారికి అది అవసరం. కానీ వదిలి వెళ్లిన ఇంట్లో మీట రకానికి ఒక చిక్కు ఉంది. కరెంటు పోయి వచ్చిన సంగతే తెలియదు. గోడకు కరెంటుతో నడిచే అంకెల గడియారం ఉంటే అది మిణుకుతూ చెప్పేస్తుంది. రెండు గంటలకు మించి గోరువెచ్చగా పడి ఉన్నదని తేలితే, లేదా ఎంతసేపు పోయిందో తేలకపోతే, పారేయడమే. మనసు ఒప్పదు, తెలుసు. ఇన్వర్టర్ ఉన్నవాళ్లకు 200 వాట్లు పెద్ద బరువు కాదు కానీ, మూడు గంటలు నడిపితే మామూలు ఇంటి బ్యాటరీలో సగానికి దగ్గరగా తాగేస్తుంది. ఆ రాత్రి ఫ్యాను కావాలా, పాస్తా కావాలా అన్నది మీ ఇష్టం.

## మందపాటి కడాయి

రుచిలో దీన్ని మించింది లేదు. నేను ఆదివారం ఇంట్లో ఉంటే స్లో కుక్కర్ జోలికి పోను. ఉల్లిగడ్డ వేగిన పాత్రలోనే టమాటా పడుతుంది. అడుగున పట్టిన ఆ ఎర్రని పొర పులుసులో కరుగుతుంది. మొదట మూతపెట్టి పది నిమిషాలు, మెత్తబడ్డాక మూత తీసి సన్నసెగన అరగంట. నూనె అంచులకు తేలినప్పుడు పచ్చివాసన పోయినట్టు. మన టమాటా కూర చేసేవారికి ఈ గుర్తు ఎవరూ నేర్పక్కర్లేదు. పాస్తాను విడిగా ఉప్పునీళ్లలో, ప్యాకెట్ మీద రాసినదానికంటే రెండు నిమిషాలు తక్కువ ఉడికించి, ఒక గ్లాసు గంజినీళ్లు దాచి, వంపి, పులుసులో వేసి ఆ నీళ్లతో కలిపితే గింజ గింజకూ పట్టుకుంటుంది.

బాధ ఒక్కటే. గంటకు దగ్గరగా వంటింట్లో ఉండాలి, చిందే టమాటాకు గోడ తుడవాలి. ఐదున్నర బస్సు దిగి వచ్చిన రోజు ఇది జరిగే పని కాదు. పాత్ర ఎంపికలో ఒక జాగ్రత్త: పూత లేని అల్యూమినియం గిన్నెలో టమాటా గంటసేపు ఉడికిస్తే లోహపు రుచి దిగుతుంది. స్టీలు కానీ, మందపాటి అడుగున్న మరేదైనా కానీ మేలు.

## ప్రెషర్ కుక్కర్

అందరి ఇళ్లలో ఉన్నది, అరగంటలో తేలేది. లోపలి వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి టమాటా మూడు విజిళ్లకే గుజ్జవుతుంది. అక్కడివరకు మంచిదే. పాస్తాను కూడా అందులోనే వేసి మూతపెట్టడం దగ్గరే నాకు అభ్యంతరం. పిండి నురుగు పైకి పొంగి విజిల్ రంధ్రానికి అడ్డుపడుతుంది, చిక్కటి టమాటా అడుగంటుతుంది, ఒక్క విజిల్ ఎక్కువైతే ముద్ద. చేసి తీరాలనుకుంటే పాత్ర సగానికి మించి నింపకండి, ఒక చెంచా నూనె వేయండి, ఒక్క విజిల్‌కే దించి ఆవిరి దానంతట అది పోనివ్వండి. నేనైతే టమాటాను విజిళ్లు పెట్టి, మూత తీశాక పాస్తా వేసి, మూత లేకుండానే ఉడికిస్తాను. వారంలో నాలుగు రోజులు తొందరలో ఉండే ఇంటికి ఇది చాలు, కొత్త పెట్టె అక్కర్లేదు.

## రైస్ కుక్కర్

గది అద్దెకు తీసుకుని చదువుకునే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నల్లగొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా విశ్వవిద్యాలయం చుట్టుపక్కల గదుల్లో గ్యాసు పొయ్యి లేకపోయినా ఈ పాత్ర మాత్రం ఉంటుంది. దీని తెలివి ఒక్కటే: నీరున్నంతసేపు అడుగు వేడి 100 డిగ్రీల దగ్గర ఆగుతుంది, నీరు ఇంకిపోయి వేడి అంతకు మించగానే మీట పైకి ఎగురుతుంది. అన్నానికి అది సరిపోతుంది. చిక్కటి టమాటా అడుగున పట్టుకుంటే ఇంకా నీరుండగానే 'అయిపోయింది' అనుకుని ఎగిరిపోతుంది. అందుకే ఇందులో పులుసు పలుచగా మొదలుపెట్టాలి, కలుపుతూ ఉండాలి. ఇద్దరికైతే నాలుగు టమాటాలు, 150 గ్రాముల పాస్తా, రెండు గ్లాసుల నీళ్లు చాలు. మీట ఎగిరాక వెచ్చగా ఉంచే స్థితిని స్లో కుక్కర్ అనుకోకండి. అది ఉడికినదాన్ని వేడిగా ఉంచగలదు, పచ్చిదాన్ని ఉడికించలేదు.

| | స్లో కుక్కర్ | కడాయి | ప్రెషర్ కుక్కర్ | రైస్ కుక్కర్ |
|---|---|---|---|---|
| మొత్తం సమయం | మూడున్నర లేదా ఆరున్నర గంటలు | దాదాపు గంట | అరగంట | ముప్పావు గంట |
| మనం నిలబడేది | 15 నిమిషాలు | 40 నిమిషాలు | 20 నిమిషాలు | 15 నిమిషాలు |
| పులుసు తీరు | పలుచన, మెత్తని తీపి | చిక్కన, ఘాటు | మధ్యస్థం | పలుచన |
| కరెంటు పోతే | చిక్కు | సంబంధం లేదు | సంబంధం లేదు | చిక్కు |
| ఎందరికి | 4 నుంచి 6 | 3 నుంచి 4 | 4 నుంచి 5 | 1 నుంచి 2 |

## ఏ టమాటా, ఏ పాస్తా

పాత్ర కంటే ఇది ముఖ్యమని కొన్నిసార్లు అనిపిస్తుంది. నాటు టమాటా గుండ్రంగా, పలుచని తోలుతో, రసం ఎక్కువగా, పుల్లగా ఉంటుంది. బెంగళూరు టమాటా కోలగా, కండగా, చప్పగా ఉంటుంది. కడాయిలో నీరు ఎలాగూ ఆవిరవుతుంది కాబట్టి నాటువి వేసి పులుపును దక్కించుకోండి. స్లో కుక్కర్‌లో సగం నాటు, సగం బెంగళూరువి వేస్తే పలుచదనం బాధ తగ్గుతుంది, పాస్తా వేసేటప్పుడు నీళ్లు మాత్రం ఒకటిన్నర గ్లాసు పోయాలి. రైతుబజారులో సాయంత్రం మూటకట్టే వేళకు మిగిలే బాగా పండిన, కొంచెం నలిగిన కాయలు కూరకు పనికిరావంటారు కానీ దీనికి అవే మేలు. నలిగినవి సరే, పగిలి బూజు పట్టినవి వద్దు.

2023 జూలైలో కిలో ధర వంద దాటిన రోజులు గుర్తున్నాయి కదా. అలాంటప్పుడు అరకిలో టమాటాకు పావుకిలో ఎర్ర గుమ్మడి జోడిస్తే రంగు, చిక్కదనం నిలుస్తాయి. పులుపుకు దించేముందు నిమ్మరసం. చింతపండు వేయకండి. వేశారంటే అది పాస్తా వేసిన పచ్చిపులుసు, దానికి వేరే పేరు పెట్టుకోవాలి.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనుక చూడండి. గట్టి గోధుమ, అంటే డ్యూరం రవ్వతో చేసినది పులుసులో అరగంట ఉన్నా ఆకారం నిలుపుకుంటుంది. విడిగా తూచి అమ్మే మైదా మకరోనీ చవకే కానీ స్లో కుక్కర్‌లో పావుగంటకే విచ్చిపోతుంది. దాన్ని కడాయి పద్ధతికి ఉంచుకోండి. సన్నని పొడవాటి స్పగెట్టీ ఈ పెట్టెలో ముద్దవుతుంది. పొట్టి గొట్టాలు, మెలికలు తిరిగినవి సరిపోతాయి.

ఇటాలియన్ ఆకుల పొడి దొరక్కపోతే బెంగ వద్దు. కుండీలో పెంచి బజ్జీలు వేసుకునే వామాకు ఉంది కదా, దానిలోనూ ఒరెగానోలోనూ వాసననిచ్చే నూనె ఇంచుమించు ఒకటే. రెండాకులు సన్నగా తరిగి చివర్లో వేయండి, ఎక్కువైతే కషాయం వాసన వస్తుంది. మీగడకు బదులు నేను వేసేది పల్లీల పొడి. వేయించి పొట్టు తీసి మెత్తగా కొట్టిన పొడి రెండు పెద్ద చెంచాలు వేస్తే, స్లో కుక్కర్ పులుసు పలుచదనానికి అదే మందు. వనపర్తి, అచ్చంపేట వైపు పల్లీ పండే ఊళ్లవాళ్లకు ఇది నేను చెప్పాలా! పాలు పడనివారికి కూడా ఇదే దారి.

రాజ్మా కలపాలనుకునేవారికి గట్టి హెచ్చరిక. పచ్చి రాజ్మాలో కడుపు పాడుచేసే విషగుణం ఉంది, అది బాగా మరిగితేనే పోతుంది, స్లో కుక్కర్ వేడి దానికి చాలదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, విడిగా ప్రెషర్ కుక్కర్‌లో పూర్తిగా ఉడికించాకే వేయాలి. శనగలకు ఆ ప్రమాదం లేకపోయినా టమాటా పులుపులో అవి ఎంతకూ మెత్తబడవు. వాటినీ ముందే ఉడికించండి.

## మీ ఇల్లు ఏది

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లి, చీకటి పడే వేళకు ఇల్లు చేరేవారికి, ఇంట్లో పెద్దవాళ్లు మాత్రమే ఉండేవారికి స్లో కుక్కర్ డబ్బు దండగ కాదు. పాస్తా ఒక్కదానికే అయితే కొనకండి. పప్పు, పాయా, సూప్ కూడా చేస్తారా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి. వారానికి ఒక్కసారైనా బయటికి తీయని వస్తువు ఏదైనా ఆర్నెల్లలో అటక ఎక్కుతుంది. చిన్నపిల్లలతో ఇంట్లోనే ఉండేవారు, వంట చేస్తూ మాట్లాడుకోవడం ఇష్టమున్నవారు కడాయి దగ్గరే ఉండండి. ఒంటరిగా ఉండేవారికి మూడున్నర లీటర్లు పెద్దది. సగం కూడా నిండదు, మాడుతుంది.

ఇంట్లో సగం మంది పాస్తా తినరంటే స్లో కుక్కర్‌కు ఒక మార్కు ఎక్కువ వేస్తాను. పాస్తా చివర్లో పడుతుంది కాబట్టి, అది వేయకముందే పులుసును రెండుగా పంచవచ్చు. మధ్యాహ్నం మీట తిప్పేది మా అత్తమ్మే. సాయంత్రం నేను మూత తీసేసరికి గిన్నె పట్టుకుని పక్కనే కూర్చుని ఉంటుంది. "ఆ గొట్టాలు వేయకముందే నాకు తీసిపెట్టమ్మా" అంటుంది. అందులో పచ్చిమిర్చి చీల్చి వేసి, ఆవాలు, కరివేపాకు పోపు పెట్టి ఇస్తే జొన్నరొట్టెతో తింటుంది. మిగిలిన పులుసులో గొట్టాలు వేసి మూత పెడతాను. ఆ అరగంట పిల్లలు మూత మీద చెయ్యి వేయకుండా కాపలా కాసేది కూడా ఆమే.